స్పెర్మిడీన్‌పై ప్రయోగాలు చేయడం ఎలా: పాలీఅమీన్లను కలపడం, కొలవడం, తగ్గించి చూడడం

కణాలకు స్పెర్మిడీన్ అందిస్తే ఏం జరుగుతుందో చూడాలనుకునే విద్యార్థి సాధారణంగా ఒక సీసా తెప్పించి, ద్రావణం తయారుచేసి, నేరుగా వర్ధన యానకంలో కలుపుతాడు. రెండు రోజులు గడిచేసరికి కణాలు చనిపోతాయి, లేదా వాటి పెరుగుదల మందగిస్తుంది. స్పెర్మిడీన్ విషమని నోటుపుస్తకంలో రాసుకుంటాడు. నేనూ ఒకప్పుడు అలాగే రాసుకున్నాను. ఆ కణాలను చంపింది స్పెర్మిడీన్ కాదు. యానకంలో ఉన్న దూడ సీరం దానిని విరిచి పుట్టించిన పదార్థాలే వాటిని చంపాయి. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఆ నెలలు మరొకరు పోగొట్టుకోకూడదన్న కోరికతో, కణ వర్ధనం కొంత తెలిసి పాలీఅమీన్ల (స్పెర్మిడీన్ వంటి, ఒకటికి మించి అమైనో సమూహాలున్న చిన్న అణువుల) రంగానికి కొత్తగా వస్తున్నవారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందే మనసులో నిలుపుకోవలసిన విషయం ఒకటుంది. కణం తనలోని పాలీఅమీన్ల మోతాదును ఎంతో పట్టుదలగా కాపాడుకుంటుంది. బయటినుంచి పోస్తే సొంత తయారీని ఆపుకుంటుంది, మిగులును ఎసిటైల్ రూపంలో వెలుపలికి పంపిస్తుంది. తయారీని మనం అడ్డుకుంటే బయట దొరికినదాన్ని లోపలికి లాక్కుంటుంది. అందువల్ల యానకంలో ఎంత కలిపామన్న అంకె మనకు దాదాపు ఏమీ చెప్పదు. కణంలోపల ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది, ఎటు ప్రవహిస్తోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే ప్రయోగానికి అర్థం ఉంటుంది.

అణువుల పరిచయం

పుట్రెసీన్ నాలుగు కార్బన్ల గొలుసుకు రెండు కొసలా అమైనో సమూహాలున్న చిన్న అణువు. దానికి మూడు కార్బన్ల అమైనోప్రొపైల్ ముక్క ఒకటి చేరితే స్పెర్మిడీన్, మరొకటి చేరితే స్పెర్మీన్ అవుతాయి. కణంలో ఉండే పీహెచ్ వద్ద ఈ నైట్రోజన్లు దాదాపు పూర్తిగా ప్రోటాన్లను పట్టుకుని ఉంటాయి కాబట్టి, ఈ మూడింటి మీదా వరుసగా రెండు, మూడు, నాలుగు ధనావేశాలు ఉంటాయని అనుకోవచ్చు. మెగ్నీషియం అయాన్‌కూ ధనావేశమే ఉంది, కానీ అది ఒక బిందువు దగ్గర కేంద్రీకృతమై ఉంటుంది. స్పెర్మిడీన్‌లో ఆవేశాలు వంగగలిగే గొలుసు పొడవునా పరుచుకుని ఉంటాయి. ఫాస్ఫేట్లు వరుసగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ పోగుల వెంబడి అది ఒదిగిపోవడానికి కారణం ఇదే. స్పెర్మిడీన్, స్పెర్మీన్ పలుచని లవణ ద్రావణంలో డీఎన్‌ఏను ఉండలా కుదించగలవు. అదే పరిస్థితులలో పుట్రెసీన్‌కు ఆ శక్తి లేదు.

పేర్ల వెనుక కథ పాతది. లీవెన్‌హుక్ 1678లో మానవ వీర్యంలో స్ఫటికాలను చూసి వర్ణించాడు. అవి స్పెర్మీన్ ఫాస్ఫేట్ స్ఫటికాలు. స్పెర్మీన్ అన్న పేరు 1888లో వచ్చింది, దాని సరైన నిర్మాణం 1920ల దాకా తేలలేదు, స్పెర్మిడీన్‌ను గుర్తించడం ఆ తరువాతే జరిగింది. పుట్రెసీన్, కెడావరీన్ కుళ్లిన మాంసంలో దొరికాయి కాబట్టి వాటికి ఆ పేర్లు దక్కాయి. ఈ పేర్లను పట్టుకుని ఇవి వీర్యానికో కుళ్లుకో చెందిన పదార్థాలనుకోకూడదు. బ్యాక్టీరియా మొదలుకొని మొక్కలు, మనుషుల వరకు దాదాపు ప్రతి కణంలోనూ పాలీఅమీన్లు ఉన్నాయి.

జీవక్రియ పటాన్ని గోడకు అంటించుకోండి

క్షీరద కణాలలో ఆర్జినేజ్ ఎంజైమ్ ఆర్జినీన్ నుంచి ఆర్నిథీన్‌ను తయారుచేస్తుంది. ఆర్నిథీన్ డీకార్బాక్సిలేజ్, అంటే ఈ రంగంలో అందరూ ఓడీసీ అని పిలిచే ఎంజైమ్, దాని నుంచి ఒక కార్బన్ డై ఆక్సైడ్‌ను తొలగించి పుట్రెసీన్‌ను ఇస్తుంది. మరోవైపు ఎస్-అడెనోసిల్ మెథియోనీన్ కూడా తన ప్రత్యేక డీకార్బాక్సిలేజ్ వద్ద కార్బన్ డై ఆక్సైడ్‌ను పోగొట్టుకుని అమైనోప్రొపైల్ దాతగా మారుతుంది. స్పెర్మిడీన్ సింథేజ్ ఆ ముక్కను పుట్రెసీన్‌కు, స్పెర్మీన్ సింథేజ్ మరో ముక్కను స్పెర్మిడీన్‌కు తగిలిస్తాయి. ప్రతి చేర్పులోనూ మిథైల్‌థయోఅడెనోసీన్ ఉపఫలంగా పుడుతుంది. దానిని కణం తిరిగి మెథియోనీన్‌గా మార్చుకుంటుంది.

మీరు పనిచేసే జీవి మారితే పటం కూడా మారుతుందని మరచిపోవద్దు. మొక్కలు, అనేక బ్యాక్టీరియాలు ఆర్జినీన్ నుంచి ఆగ్మాటీన్ మీదుగా పుట్రెసీన్‌కు చేరే వేరొక దారిని వాడతాయి. అరబిడాప్సిస్ థాలియానాకు ఓడీసీ జన్యువే లేదు కాబట్టి, ఓడీసీ నిరోధకం వేసి ఫలితం రాలేదని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. ఇ.కోలైలో స్పెర్మిడీన్ కన్నా పుట్రెసీన్ ఎన్నో రెట్లు ఎక్కువ, స్పెర్మీన్‌ను అది తయారుచేసుకోదు.

వెనుకకు వచ్చే దారి కూడా ఉంది. ఎస్ఎస్ఏటీ అనే ఎంజైమ్ ఎసిటైల్ కో-ఏ సాయంతో స్పెర్మిడీన్, స్పెర్మీన్‌లను ఎసిటైలీకరిస్తుంది. ఒక ధనావేశం తగ్గిన ఆ అణువు ఆర్‌ఎన్‌ఏ పట్టు నుంచి సులువుగా జారిపోతుంది. అప్పుడది కణం నుంచి బయటికైనా పోతుంది, లేదా పాలీఅమీన్ ఆక్సిడేజ్ చేతిలో ఒక మెట్టు చిన్న అణువుగానైనా మారుతుంది. స్పెర్మీన్ ఆక్సిడేజ్ మాత్రం ఎసిటైలీకరణ అవసరం లేకుండానే స్పెర్మీన్‌ను స్పెర్మిడీన్‌గా మారుస్తుంది. ఈ రెండు ఆక్సీకరణాలలోనూ హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆల్డిహైడ్ పుడతాయి. పాలీఅమీన్ల విచ్ఛిన్నాన్ని ప్రేరేపించే మందు వేసినప్పుడు కణం దెబ్బతింటే, అది పాలీఅమీన్లు తగ్గినందువల్లనా, పెరాక్సైడ్ పెరిగినందువల్లనా అన్న ప్రశ్న వేసుకోకుండా ముందుకు వెళ్లకూడదు.

ఈ పటంలో అన్నిటికన్నా అందమైన భాగం నియంత్రణ. ఓడీసీ అర్ధాయువు అనేక కణాలలో 10 నుంచి 30 నిమిషాలు మాత్రమే. దానిని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ దగ్గరికి తీసుకుపోయేది ఆంటిజైమ్ అనే ప్రోటీన్. దాదాపు అన్ని ప్రోటీన్లకూ మరణశాసనంగా పనిచేసే యుబిక్విటిన్ గుర్తు ఇక్కడ అవసరమే లేదు. ఆంటిజైమ్ పూర్తిగా తయారుకావాలంటే రైబోసోమ్ దాని సందేశ ఆర్‌ఎన్‌ఏపై ఒక అక్షరం ముందుకు జరగాలి. పాలీఅమీన్లు ఎక్కువైనప్పుడే ఆ జరుగుడు తరచుగా సంభవిస్తుంది. ఇలా పాలీఅమీన్లు తమ తయారీని తామే ఆపించుకుంటాయి. ఆంటిజైమ్ అక్కడితో ఆగక, బయటి పాలీఅమీన్లు లోపలికి రాకుండా కూడా అడ్డుపడుతుంది. మీ ప్రయోగంలో ఓడీసీ సందేశ ఆర్‌ఎన్‌ఏ పెరిగిందని చూసి ఎంజైమ్ చురుకుదనం కూడా పెరిగిందని రాయకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కరలేదు.

తూకం, ద్రావణం, నిల్వ

స్పెర్మిడీన్ రెండు రూపాలలో దొరుకుతుంది. స్వేచ్ఛా క్షార రూపం అణుభారం 145.25, ట్రైహైడ్రోక్లోరైడ్ లవణం అణుభారం 254.63. ఒకదాని అణుభారంతో మరొకదాన్ని తూచడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. 10 మిల్లీలీటర్లలో 100 మిల్లీమోలార్ ద్రావణం కావాలంటే లవణం 254.6 మిల్లీగ్రాములు తూచాలి. పొరపాటున 145 మిల్లీగ్రాములు తూస్తే వచ్చేది 57 మిల్లీమోలార్ మాత్రమే. పుట్రెసీన్ డైహైడ్రోక్లోరైడ్‌కు 161.07, స్పెర్మీన్ టెట్రాహైడ్రోక్లోరైడ్‌కు 348.18 వాడాలి. సీసా మీది పేరును మాత్రమే కాక, ఏ రూపమో కూడా నోటుపుస్తకంలో రాయండి.

నేను లవణ రూపాన్నే వాడమంటాను. స్వేచ్ఛా క్షారం గాలిలోని తేమనూ కార్బన్ డై ఆక్సైడ్‌నూ పీల్చుకుంటుంది కాబట్టి, సీసా తెరిచిన ప్రతిసారీ తూకంపై నమ్మకం తగ్గుతుంది. పైగా దాని ద్రావణం గట్టి క్షారం. తటస్థీకరించకుండా యానకంలో వేస్తే మీరు చూసేది పీహెచ్ మార్పు ఫలితం. లవణాన్ని శుద్ధ జలంలో కరిగించి, పీహెచ్‌ను ఏడు దగ్గరకు సరిచేసి, 0.22 మైక్రోమీటర్ ఫిల్టర్‌తో వడకట్టి, చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలలో పంచి, మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచండి. కరిగించి గడ్డకట్టించడం పదేపదే చేయకండి, ఎందుకంటే స్పెర్మిడీన్ ద్రావణ రూపంలో నెమ్మదిగా అమైనో సమూహాలను కోల్పోతుంది.

టెస్ట్ ట్యూబులో ఆర్‌ఎన్‌ఏ తయారుచేసేవారికి ఒక చిన్న హెచ్చరిక. టీ7 పాలిమరేజ్ మిశ్రమాలలో సాధారణంగా 2 మిల్లీమోలార్ స్పెర్మిడీన్ ఉంటుంది. ఆ బఫర్‌ను డీఎన్‌ఏతో మంచు మీద కలిపితే డీఎన్‌ఏ అవక్షేపంగా దిగిపోవచ్చు. గది ఉష్ణోగ్రత వద్ద కలపాలని, డీఎన్‌ఏను మిగతా పదార్థాల తరువాత చేర్చాలని చెప్పడం వెనుక ఉన్నది పైన చెప్పిన కుదింపు ధర్మమే.

సీరంతో వచ్చే చిక్కు

వర్ధన యానకంలో మనం సాధారణంగా 10 శాతం కలిపే పిండ దూడ సీరంలో రాగి అయాన్ ఆధారంగా పనిచేసే అమీన్ ఆక్సిడేజ్ ఉంటుంది. అది స్పెర్మిడీన్, స్పెర్మీన్‌ల కొసల అమైనో సమూహాలను ఆక్సీకరించి అమైనో ఆల్డిహైడ్లను, అమోనియాను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఇస్తుంది. ఆ ఆల్డిహైడ్లు తమంతట తాము విరిగి అక్రోలీన్‌గా మారగలవు. అక్రోలీన్ ప్రోటీన్లకూ డీఎన్‌ఏకూ అంటుకునే తీవ్రమైన విషం. స్పెర్మీన్ అయితే పదుల మైక్రోమోలార్ల మోతాదులోనే ఈ దారిన కణాలను చంపగలదు. అంటే మనం కణాలకు పాలీఅమీన్ ఇస్తున్నామనుకుంటూ పెరాక్సైడ్‌నూ అక్రోలీన్‌నూ ఇస్తున్నాము.

దీనికి చాలాకాలంగా వాడుకలో ఉన్న విరుగుడు అమైనోగ్వానిడీన్. యానకంలో 1 మిల్లీమోలార్ ఉండేలా, స్పెర్మిడీన్ కన్నా ముందుగా చేర్చాలి. స్పెర్మిడీన్ లేకుండా అమైనోగ్వానిడీన్ మాత్రమే ఉన్న నమూనా తప్పనిసరిగా ఉండాలి. ఎందుకంటే ఈ పదార్థం నిరపాయమైన ప్రేక్షకుడు కాదు. నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌ను, డైఅమీన్ ఆక్సిడేజ్‌ను అది నిరోధిస్తుంది, చురుకైన కార్బొనైల్ సమూహాలతో చర్య జరుపుతుంది. మీ ప్రశ్న నైట్రిక్ ఆక్సైడ్‌కు సంబంధించినదైతే, లేదా ఆల్డిహైడ్ ఒత్తిడికి సంబంధించినదైతే, ఈ విరుగుడే కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది. అప్పుడు సీరం లేని యానకానికి కణాలను అలవాటు చేసుకోవడమే మేలు.

పాత ఫలితాలను చదివేటప్పుడు కూడా ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. దూడ సీరంలో స్పెర్మిడీన్ కలిపి, అమైనోగ్వానిడీన్ గురించి ఒక్క మాటా చెప్పని వ్యాసం కణమరణాన్నో, ఒత్తిడి స్పందననో, ఆటోఫాజీనో (కణం తన భాగాలను తానే జీర్ణించుకోవడం) నివేదిస్తే, ఆ ఫలితం స్పెర్మిడీన్‌దని నేను అంగీకరించను. ఆటోఫాజీని పెరాక్సైడ్ కూడా రేకెత్తిస్తుంది. మీ సొంత ప్రయోగంలో ఈ సందేహం వస్తే పరీక్ష సులువే: అదే యానకంలో పెరాక్సైడ్‌ను విరిచే కెటలేజ్ ఎంజైమ్ చేర్చి చూడండి, అమైనోగ్వానిడీన్ చేర్చి చూడండి. వీటిలో ఏదైనా ప్రభావాన్ని తగ్గిస్తే, ఆ ప్రభావంలో కొంత భాగమైనా సీరం చేసిన పని.

కొలవడం

నమూనా సేకరణ సమయాన్ని ముందుగా స్థిరపరచండి. నిలకడగా ఉన్న కణాలకు తాజా సీరం తగిలితే ఓడీసీ చురుకుదనం కొన్ని గంటలలోనే ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఒక పళ్లెంలో యానకం నిన్న మార్చి, మరో పళ్లెంలో ఈరోజు ఉదయం మార్చి, ఆ రెండింటినీ పోల్చడం పనికిరాదు. కణాల సాంద్రత కూడా సమానంగా ఉండాలి. ఒత్తుగా నిండిపోయి విభజన ఆపేసిన కణాలలో పుట్రెసీన్ పడిపోతుంది.

కణాలను చల్లని బఫర్‌తో రెండుసార్లు కడిగి, 0.2 నుంచి 0.5 మోలార్ చల్లని పెర్‌క్లోరిక్ ఆమ్లంలో విడగొట్టి, మంచు మీద అరగంట ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పండి. ప్రోటీన్లు, న్యూక్లియిక్ ఆమ్లాలు అడుగున మడ్డిగా చేరుతాయి, పాలీఅమీన్లు పైన తేరిన ద్రవంలో ఉంటాయి. ఆమ్లం వాటిని ఆర్‌ఎన్‌ఏ నుంచి విడిపిస్తుంది కాబట్టి, మీరు కొలవబోయేది కణంలోని మొత్తం మోతాదు. మడ్డిని పారేయకండి. దానిని పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి ప్రోటీన్ కొలిస్తే, ఫలితాన్ని మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఇన్ని నానోమోల్‌లని చెప్పవచ్చు. మీ చర్య కణం పరిమాణాన్నే మార్చేదైతే కణాల సంఖ్యను కూడా లెక్కించి రెండు విధాలా నివేదించండి. పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని ఎండిపోనివ్వడం, గాఢ రూపంలో సేంద్రియ ద్రావణులతో కలపడం ప్రమాదకరం. ఒలికిన చుక్కను వెంటనే నీటితో కడగాలి.

అంతర్గత ప్రమాణంగా కణాలలో సహజంగా లేని 1,7-డైఅమైనోహెప్టేన్ వాడతారు. దానిని ఆమ్లం పోసే దశలోనే చేర్చాలి. చివరి దశలో చేర్చితే అది యంత్రంలోకి ఎక్కించిన పరిమాణాన్ని మాత్రమే సరిచేస్తుంది. సారం తీయడంలో, గుర్తు తగిలించడంలో జరిగిన నష్టం దానికి తెలియదు.

పాలీఅమీన్లు అతినీలలోహిత కాంతిని చెప్పుకోదగినంతగా పీల్చవు, స్వయంగా వెలగవు. అందుకని వాటికి వెలిగే గుర్తు తగిలించాలి. నేను చాలాకాలం వాడిన పద్ధతి డాన్సైల్ క్లోరైడ్‌ది. 200 మైక్రోలీటర్ల సారానికి 200 మైక్రోలీటర్ల సంతృప్త సోడియం కార్బనేట్ ద్రావణాన్ని, మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున అసిటోన్‌లో కరిగించిన డాన్సైల్ క్లోరైడ్ 400 మైక్రోలీటర్లను కలిపి, బాగా తిప్పి, చీకటిలో గది ఉష్ణోగ్రత వద్ద రాత్రంతా ఉంచాలి. కార్బనేట్ తగిలినప్పుడు బుడగలు వస్తాయి, మూత వెంటనే బిగించకండి. మరునాడు మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల ప్రోలీన్ ద్రావణం 100 మైక్రోలీటర్లు చేర్చి అరగంట ఉంచితే మిగిలిపోయిన డాన్సైల్ క్లోరైడ్ దానికి అంటుకుపోతుంది. తరువాత 500 మైక్రోలీటర్ల టోలీన్‌తో తిప్పి, పై పొరను తీసి, ఆరబెట్టి, అసిటోనైట్రైల్‌లో కరిగించి, సీ18 కాలమ్ ఉన్న హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమటోగ్రఫీ యంత్రం)లో ఎక్కించండి. 340 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరచి, 515 నానోమీటర్ల దగ్గర వెలుగును చదవాలి.

డాన్సైల్ గుర్తు ప్రాథమిక, ద్వితీయ అమీన్లు రెండింటికీ తగులుతుంది. పుట్రెసీన్‌కు రెండు, స్పెర్మిడీన్‌కు మూడు, స్పెర్మీన్‌కు నాలుగు గుర్తులు పడతాయి కాబట్టి, అవి ఆ వరుసలోనే కాలమ్ నుంచి బయటికి వస్తాయి. ఒకే గాఢతలో ఉన్నా వాటి వెలుగు ఒకేలా ఉండదు. ప్రతి పాలీఅమీన్‌కూ విడిగా ప్రామాణిక రేఖ గీయకుండా శిఖరాల ఎత్తులను పోల్చడం ఎంతమాత్రం సరికాదు. ఆ ప్రామాణికాలను కూడా నమూనాలతోపాటే, అదే ఆమ్లంలో కలిపి, అదే గొట్టాలలో గుర్తు తగిలించాలి.

సదుపాయం ఉంటే ద్రవ్యరాశి వర్ణపటమాపకం జోడించిన క్రొమటోగ్రఫీ మరింత మేలు, ఎందుకంటే దానితో ఎసిటైల్ రూపాలను కూడా నమ్మకంగా చూడవచ్చు. వాటిని చూడాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఎస్ఎస్ఏటీ పెరిగిన కణంలో తయారీ కూడా పెరిగి, స్పెర్మిడీన్ మొత్తం మామూలుగానే కనిపించవచ్చు. ఆ కణం నిజానికి ఎసిటైల్ కో-ఏను, ఎస్-అడెనోసిల్ మెథియోనీన్‌ను వృథాగా ఖర్చుచేస్తూ ఒకే చోట పరుగెత్తుతూ ఉంటుంది. ఎన్1-ఎసిటైల్ స్పెర్మిడీన్ పెరగడం, అది యానకంలోకి చేరడం మాత్రమే ఆ పరుగును పట్టిస్తాయి. కణాలతోపాటు వాటి యానకాన్ని కూడా దాచిపెట్టుకోండి. మొక్కల మీద పనిచేసేవారు ఫినాలిక్ ఆమ్లాలతో జతకట్టిన పాలీఅమీన్ల కోసం సారంలో కొంత భాగాన్ని, మడ్డిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో జలవిశ్లేషణ చేసి విడిగా కొలవాలి.

తగ్గించి చూడడం, తిరిగి నింపడం

పాలీఅమీన్లు అవసరమా కాదా అని తేల్చడానికి కలపడం కన్నా తీసివేయడమే నిజాయితీ గల ప్రయోగం. అందుకు ప్రధాన సాధనం డీఎఫ్‌ఎంఓ, అంటే ఎఫ్లోర్నిథీన్. ఓడీసీ దానిని ఆర్నిథీన్ అనుకుని పట్టుకుని, కార్బన్ డై ఆక్సైడ్‌ను తొలగిస్తుంది. ఆ క్షణంలో పుట్టిన చురుకైన ముక్క ఎంజైమ్‌కే శాశ్వతంగా అతుక్కుపోతుంది. కణాలలో 1 నుంచి 5 మిల్లీమోలార్ల మోతాదు, 48 నుంచి 72 గంటల వ్యవధి మామూలు. పుట్రెసీన్ మొదట పడిపోతుంది, తరువాత స్పెర్మిడీన్ తగ్గుతుంది, స్పెర్మీన్ మాత్రం చాలావరకు నిలిచే ఉంటుంది. కాబట్టి డీఎఫ్‌ఎంఓ వేసిన కణాన్ని పాలీఅమీన్లు లేని కణమని రాయకండి, స్పెర్మిడీన్ తగ్గిన కణమని రాయండి. అది కూడా కొలిచాకే రాయండి.

తిరిగి నింపే నమూనా లేకపోతే ఈ ప్రయోగం సగమే అయినట్టు. డీఎఫ్‌ఎంఓతోపాటు 1 మిల్లీమోలార్ అమైనోగ్వానిడీన్, 5 నుంచి 10 మైక్రోమోలార్ స్పెర్మిడీన్ ఇచ్చినప్పుడు కణం మామూలు స్థితికి వస్తే, కనిపించిన ప్రభావం నిజంగా పాలీఅమీన్ల లోటు వల్లనే అని చెప్పవచ్చు. పుట్రెసీన్‌తో నింపడం, స్పెర్మిడీన్‌తో నింపడం రెండూ చేసి చూస్తే ఇంకా మంచిది. జంతువులలో ఈ పని కష్టతరం, ఎందుకంటే ఆహారమూ పేగులోని సూక్ష్మజీవులూ పాలీఅమీన్లను నిరంతరం అందిస్తూనే ఉంటాయి.

ఇదే మందు అతినిద్ర వ్యాధికి ఎలా పనికివచ్చిందో తెలుసుకుంటే పటం మొత్తం కళ్లకు కడుతుంది. ట్రిపనోసోమా బ్రూసీ గాంబియెన్స్ అనే పరాన్నజీవిలో ఓడీసీ త్వరగా నశించదు. మన కణాలు నిమిషాల వ్యవధిలో కొత్త ఎంజైమ్‌ను తయారుచేసుకుని తేరుకుంటాయి. పరాన్నజీవికి ఆ అవకాశం తక్కువ. అంతేకాక, అది ఆక్సీకరణ నుంచి తనను కాపాడుకోవడానికి రెండు గ్లూటాథయోన్లను ఒక స్పెర్మిడీన్‌తో కలిపి ట్రిపనోథయోన్ అనే అణువును చేసుకుంటుంది కాబట్టి, స్పెర్మిడీన్ తగ్గితే దాని రక్షణ కూడా సడలుతుంది. అమెరికాలో ఈ మందుకు అతినిద్ర వ్యాధి చికిత్స కోసం 1990లో అనుమతి లభించింది. తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న న్యూరోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే ఒక రకం నాడీకణ క్యాన్సర్) రోగుల కోసం 2023లో మరో అనుమతి వచ్చింది.

ఏ పనిని ఏ అణువుకు ఆపాదించాలి

స్పెర్మిడీన్ తగ్గినప్పుడు కణం ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్నకు ముందుగా పరీక్షించవలసిన జవాబు హైప్యుసీన్. ఈఐఎఫ్5ఏ అనే అనువాద కారకంలో (రైబోసోమ్ ప్రోటీన్ తయారుచేయడానికి తోడ్పడే ప్రోటీన్‌లో) ఒక లైసీన్ మీదికి స్పెర్మిడీన్ నుంచి నాలుగు కార్బన్ల అమైనోబ్యుటైల్ ముక్క బదిలీ అవుతుంది. మనుషులలో అది 50వ లైసీన్. ఆ తరువాత మరో ఎంజైమ్ దానికి హైడ్రాక్సిల్ చేరుస్తుంది. ఇలా ఏర్పడే హైప్యుసీన్ ఈ కారకానికే ప్రత్యేకం. వరుసగా ప్రోలీన్లు వచ్చినచోట తడబడే రైబోసోమ్‌ను ఇది ముందుకు నడిపిస్తుంది. స్పెర్మీన్ నేరుగా ఈ పనికి రాదు, పుట్రెసీన్ అసలే రాదు. స్పెర్మిడీన్‌ను సొంతంగా తయారుచేసుకోలేని ఈస్ట్‌కు అతి కొద్దిగా స్పెర్మిడీన్ ఇచ్చి పెంచినప్పుడు, దానిలో ఎక్కువ భాగం హైప్యుసీన్ కోసమే ఖర్చవుతుంది. ఆ ఒక్క వాస్తవం కణం దేనికి పెద్దపీట వేస్తుందో చెబుతుంది.

పరీక్షించడానికి హైప్యుసీన్‌ను గుర్తించే యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ చేసి, పక్కనే మొత్తం ఈఐఎఫ్5ఏను కూడా చూడండి. జీసీ7 అనే నిరోధకం హైప్యుసీన్ తయారీలోని మొదటి మెట్టును ఆపుతుంది, అయితే అది కూడా అమీనే కాబట్టి దానితో సైతం అమైనోగ్వానిడీన్ వాడాలి. ఇక్కడ కాలం గురించి ఆలోచించడం ముఖ్యం. హైప్యుసీన్ ఉన్న ఈఐఎఫ్5ఏ చాలా కాలం నిలిచే ప్రోటీన్. డీఎఫ్‌ఎంఓ వేశాక స్పెర్మిడీన్ పడిపోయినా హైప్యుసీన్ స్థాయి వెనుకనే నెమ్మదిగా తగ్గుతుంది. మీరు చూసిన ప్రభావం కొన్ని గంటలలోనే వస్తే, దానికి కారణం హైప్యుసీన్ కాకుండా మరొకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఆ మరొకటి సాధారణంగా ఆర్‌ఎన్‌ఏతో బంధం. కణంలోని స్పెర్మిడీన్ మొత్తం మిల్లీమోలార్ల స్థాయిలో ఉన్నా, అందులో అధికభాగం ఆర్‌ఎన్‌ఏకు అంటుకుని ఉంటుంది, స్వేచ్ఛగా తిరిగేది కొద్ది వంతే. ఆమ్లంతో తీసిన సారం ఈ తేడాను చూపించలేదు. కాబట్టి మొత్తం స్పెర్మిడీన్ మారలేదు గనుక దాని పాత్ర లేదని తేల్చడం తొందరపాటు అవుతుంది.

స్పెర్మీన్‌కు తనదైన రంగం అయాన్ ఛానళ్లు. లోపలికి మాత్రమే సులువుగా ప్రవాహాన్ని అనుమతించే పొటాషియం ఛానళ్లలో ఆ ఏకముఖ స్వభావానికి కారణం, కణంలోపలి పాలీఅమీన్లు, ముఖ్యంగా స్పెర్మీన్, ఛానల్ రంధ్రంలో బిరడాలా ఇరుక్కోవడమేనని 1994లో వెలువడిన పరిశోధనలు చూపాయి. విద్యుత్ కొలతలు చేసేవారు పిపెట్ ద్రావణంలో స్పెర్మీన్ చేర్చకపోతే, కణంలోని స్పెర్మీన్ పిపెట్‌లోకి కొట్టుకుపోయి ఆ స్వభావం మాయమవుతుంది. నాడీకణాలలో క్యాల్షియంను అనుమతించే ఆంపా రకం గ్లుటమేట్ గ్రాహకాలను గుర్తించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

ఆటోఫాజీ విషయంలో పాఠకులకు ఆసక్తి ఎక్కువ. బయటినుంచి ఇచ్చిన స్పెర్మిడీన్ ఈస్ట్, ఈగలు, నులిపురుగుల ఆయువును పెంచిందని, ఆ ప్రభావానికి ఆటోఫాజీ అవసరమని 2009లో ప్రచురితమైంది. ఈపీ300 అనే ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్‌ను నిరోధించడం ఒక మార్గమని, ఈఐఎఫ్5ఏ ద్వారా ఆటోఫాజీ జన్యువులను నడిపించే టీఎఫ్ఈబీ అనే కారకం తయారీని నిలబెట్టడం మరొక మార్గమని తరువాతి పనులు చూపాయి. మీ కణాలలో దీనిని పరీక్షిస్తే ఆటోఫాజీకి గుర్తుగా వాడే ఎల్‌సీ3-II ప్రోటీన్ పట్టీ పెరగడంతో తృప్తిపడకండి. లైసోసోమ్‌ను ఆపే బాఫిలోమైసిన్ ఉన్నప్పుడు, లేనప్పుడు రెండు విధాలా చూసి ప్రవాహం పెరిగిందని నిరూపించండి. మనుషుల విషయానికి వస్తే, జ్ఞాపకశక్తి తగ్గుతోందని స్వయంగా భావిస్తున్న 100 మంది వృద్ధులకు రోజుకు 0.9 మిల్లీగ్రాముల స్పెర్మిడీన్ చొప్పున 12 నెలలు ఇచ్చిన పరీక్ష ఫలితం 2022లో వెలువడింది. ప్లాసిబోతో పోలిస్తే జ్ఞాపకశక్తిలో మెరుగు కనిపించలేదు. పళ్లెంలోని కణాల ఫలితాన్ని మనిషి దాకా పొడిగించాలనిపించినప్పుడు ఈ పరీక్షను గుర్తుచేసుకోవడం న్యాయం.

నిష్పత్తిని చదవడం

చివరగా, మూడు అంకెలను విడివిడిగా కాక వాటి నిష్పత్తులుగా చూడడం అలవాటు చేసుకోండి. స్పెర్మీన్ సింథేజ్ జన్యువులో లోపం వల్ల వచ్చే స్నైడర్-రాబిన్సన్ సిండ్రోమ్‌లో పాలీఅమీన్ల మొత్తం కన్నా స్పెర్మిడీన్‌కూ స్పెర్మీన్‌కూ మధ్య నిష్పత్తి పెరగడమే స్పష్టమైన గుర్తు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఓడీసీ ప్రోటీన్ చివరి భాగం తెగిపోయి అది నశించకుండా నిలిచిపోయే బాక్‌మన్-బప్ సిండ్రోమ్‌ను 2018లో వర్ణించారు. అందులో పెరిగేది పుట్రెసీన్. లైసోసోమ్ నుంచి పాలీఅమీన్లను కణద్రవ్యంలోకి పంపే ఏటీపీ13ఏ2 పంపు పాడైనప్పుడు మొత్తంలో కనిపించే మార్పు కన్నా, అవి లైసోసోమ్‌లో పేరుకుపోవడమే ముఖ్యం. అటువంటి చోట కణాన్నంతా ఆమ్లంలో కరిగించి తీసిన అంకె అసలు విషయాన్ని దాచేస్తుంది. మీ నమూనాలో ఈ మూడవ రకం అనుమానం ఉంటే, ఆమ్లం పోసే ముందే లైసోసోమ్‌లను విడిగా వేరుచేసుకుని, రెండు భాగాలలోనూ 1,7-డైఅమైనోహెప్టేన్‌ను సమానంగా చేర్చి, రెండింటినీ ఒకే రోజు, ఒకే ప్రామాణిక రేఖ మీద చదవండి.